పక్కవాళ్లు చాంపియన్లయ్యారు, మా జట్టుకి చందా ఇవ్వనా మాననా?

ప్రశ్న: నేను 2000 ఆగస్టులో పర్డ్యూ యూనివర్సిటీకి ఎం.ఎస్. చేయడానికి వచ్చాను. మా జట్టు స్టార్ ఆటగాడు డ్రూ బ్రీస్ అక్కడ ఆడిన ఆఖరి ఏడాది అది. ఈ అమెరికన్ ఫుట్‌బాల్ రూల్స్ ఒక్క ముక్క తెలియకపోయినా రూమ్మేట్లతో కలిసి రాస్-ఏడ్ స్టేడియంకి పోయి గొంతు పోయేలా అరిచేవాణ్ణి. ఆ ఏడు మావాళ్లు రోజ్ బౌల్ అనే పేరున్న పెద్ద ఆటకి వెళ్లారు. అప్పటినుంచీ అదే నా జట్టు. ఇప్పుడు కార్మెల్‌లో ఉంటున్నాం. మా అబ్బాయి బ్లూమింగ్టన్‌లో, అంటే మా చిరకాల ప్రత్యర్థి ఇండియానా యూనివర్సిటీలో, రెండో ఏడు చదువుతున్నాడు. ఇన్నాళ్లూ మేం జాలిపడుతూ వచ్చిన ఆ జట్టు ఈ జనవరిలో నేషనల్ చాంపియన్ అయి కూర్చుంది. మాది రెండేళ్లు కలిపి మూడే మూడు ఆటలు గెలిచింది. మావాడు మా ఇంటి వాట్సాప్ గ్రూపు పేరు మార్చి ‘56-3’ అని పెట్టాడు, పోయిన నవంబరులో మేం వాళ్ల చేతిలో ఓడిన స్కోరది.

ఈ బాధ చాలనట్టు ఫోన్లు. సీజన్ టికెట్లు రెన్యూ చేసుకోండి, దాని మీద విరాళం ఇవ్వండి, ఆటగాళ్ల నిధికి కూడా ఏదైనా ఇవ్వండి అని. మా ఆవిడేమో, ‘ఒక కోచ్‌ని పంపించడానికి కోట్లు, ఇంకొకణ్ణి తేవడానికి కోట్లు, మధ్యలో మన డబ్బెందుకు?’ అంటోంది. పర్డ్యూ మిత్రుల్లో సగం మంది ఈ కోచ్‌ని కూడా మార్చెయ్యాలంటున్నారు. మిగతా సగం, ‘ఇండియానాకి ఆ కోటీశ్వరుడు మార్క్ క్యూబన్ డబ్బుంది, మనకి లేదు, ఇక ఇంతే’ అని చేతులెత్తేశారు. చందా ఇవ్వనా, మాననా? మా జట్టు బాగుపడుతుందా?

కార్మెల్ నుంచి ఒక పాఠకుడు


సమాధానం: 2023 నవంబరు 25 మీకు గుర్తుండే ఉంటుంది. ఆ శనివారం రాస్-ఏడ్‌లో మీవాళ్లు ఇండియానా మీద 35-31తో గెలిచారు. మీ ఇంట్లో ఆ రాత్రి స్వీటు పంచుకునే ఉంటారు. మర్నాడు ఆదివారం ఇండియానా తన కోచ్ టామ్ ఆలెన్‌ని ఇంటికి పంపింది. ఆ గురువారానికల్లా జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీ నుంచి కర్ట్ సిగ్నెటి అనే 62 ఏళ్ల మనిషిని తెచ్చుకుంది. ఆ ఒక్క ఓటమికే ఆలెన్ ఉద్యోగం పోయిందని నేననను. ఆ ఏడు వాళ్లు గెలిచింది మూడు, ఓడింది తొమ్మిది. కానీ మీరు చప్పట్లు కొట్టిన ఆ సాయంత్రమే అవతల పాత పుస్తకం మూసేశారు.

ఏడాది తిరిగింది. 2024 నవంబరు 30న బ్లూమింగ్టన్‌లో 66-0. ఈసారి మర్నాడు ఇంటికి వెళ్లింది మీ కోచ్ రయన్ వాల్టర్స్. వరసగా రెండేళ్లు, ఒకే ఆట, మర్నాడు ఓడినవాళ్ల కోచ్ కొలువు ఖాళీ.

ఈ ఆట సంగతి తెలియని పాఠకులకు ఒక మాట. ఈ రెండు యూనివర్సిటీలూ ఒకే రాష్ట్రంలో ఉన్నాయి. 1925 నుంచి దాదాపు ఏటా ఒక పాత ఓక్ చెక్క బొక్కెన కోసం కొట్టుకుంటాయి. నిజంగానే బొక్కెన, నూతిలోంచి నీళ్లు తోడుకునేది. దక్షిణ ఇండియానాలో ఒక పొలంలో దొరికిందంటారు. గెలిచినవాళ్ల అక్షరాన్ని కంచుతో పోతపోసి దాని గొలుసుకి తగిలిస్తారు. ఇండియానా గెలిస్తే ‘ఐ’, పర్డ్యూ గెలిస్తే ‘పి’. మొదటి ఏడాది ఆట 0-0తో సరిసమానమైంది కాబట్టి గొలుసులో మొట్టమొదటి లంకెలో రెండు అక్షరాలూ కలిసే ఉన్నాయి. లెక్క మొత్తం వేస్తే ఇప్పటికీ పర్డ్యూ గెలుపులే ఎక్కువ. మీ అబ్బాయి ఆ వాట్సాప్ గ్రూపు పేరు మార్చేదాకా ఈ సంగతి గుర్తుచేస్తూ ఉండండి.

ముందు మీ ఆవిడ అడిగినదానికి జవాబు చెప్తాను, ఎందుకంటే మీ ఉత్తరంలో సరైన ప్రశ్న ఆవిడదే. కోచ్‌ని తీసేస్తే కోట్లెందుకివ్వాలి? మామూలు ఉద్యోగమైతే రెండు వారాల జీతం చేతిలో పెట్టి బ్యాడ్జి లాక్కుంటారు. కాలేజీ ఫుట్‌బాల్ కోచ్ ఒప్పందం ఐదేళ్లకో పదేళ్లకో ఉంటుంది. గడువు ముగియకముందే వద్దనుకుంటే మిగిలిన డబ్బులో ఒప్పుకున్నంత కట్టాలి. దాన్నే బైఅవుట్ అంటారు. ఈ డబ్బు పెరిగేది జట్టు ఓడుతున్నప్పుడు కాదండీ, గెలుస్తున్నప్పుడు. కోచ్‌కి మంచి సీజన్ పడగానే ఎవరో ఎగరేసుకుపోతారన్న భయంతో ఒప్పందం పొడిగిస్తారు. టెక్సస్ ఏ అండ్ ఎమ్ అదే చేసింది. 2020లో తొమ్మిది గెలిచి ఒకటే ఓడాడని 2021లో జింబో ఫిషర్‌కి 2031 దాకా ఒప్పందం రాసిచ్చారు. 2023 నవంబరులో వద్దనుకునేసరికి తేలిన లెక్క 7 కోట్ల 60 లక్షల డాలర్లకు పైనే. ఆయన ఇంకోచోట ఉద్యోగం చేసుకున్నా అందులో ఒక్క డాలరు తగ్గదు.

అందరూ అంత అమాయకంగా సంతకం పెట్టరు లెండి. పెన్ స్టేట్ 2025 అక్టోబరులో జేమ్స్ ఫ్రాంక్లిన్‌ని తీసేసినప్పుడు బాకీ దాదాపు 4 కోట్ల 90 లక్షలు. ఆయన నెల తిరగ్గానే వర్జీనియా టెక్‌లో చేరాడు. కొత్త జీతం వస్తే పాత బాకీ తగ్గాలన్న షరతు ఉండబట్టి అది 90 లక్షలకు దిగింది. అదే అక్టోబరులో ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) సొంత మైదానంలో ఏ అండ్ ఎమ్ చేతిలో 49-25తో ఓడి, మర్నాడే బ్రయన్ కెల్లీని పంపేసింది. బాకీ సుమారు 5 కోట్ల 40 లక్షలు. తగ్గించుకుందామని చూస్తే ఆయన కోర్టుకెక్కాడు.

కాబట్టి ఆవిడ కోపం న్యాయమైనదే. బైఅవుట్ కింద పోసిన డాలరుతో ఒక్క ఆటగాడు రాడు, ఒక్క టాకిల్ కూడా పడదు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు ఆటగాళ్ల ఎంపికలో, ఖర్చులో జరిగిన తప్పులన్నిటికీ కోచ్‌ని బలిచ్చి, ఆ బలికి దక్షిణ మళ్లీ దాతల్నే అడుగుతారు. ఆలెన్‌ని పంపడానికి ఇండియానాకి కూడా కోటీ 55 లక్షల డాలర్లు అయింది. ఆ డబ్బూ దాతలదే.

మరి వాళ్లకెందుకు కలిసొచ్చింది, మీకెందుకు రాలేదు? క్యూబన్ డబ్బు వల్లేనన్న మీ మిత్రుల మాటను నేను ఒప్పుకోను. ఆయన ఇండియానాలో చదివాడు, డబ్బిచ్చిన మాటా నిజం, ఆయనే చెప్పుకున్నాడు. కానీ ఫుట్‌బాల్ వైపు ఆయన చెయ్యి గట్టిగా కదిలింది జట్టు గెలవడం మొదలుపెట్టాకే. ఇంకో సంగతి, ఈ రెండు జట్లూ ఆడే కాన్ఫరెన్స్, అంటే యూనివర్సిటీల కూటమి, బిగ్ టెన్. అందులో పాత సభ్యులందరికీ టీవీ డబ్బు వాటా సమానం. ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో 2022లో కుదిరిన ఏడేళ్ల ఒప్పందం 700 కోట్ల డాలర్లు దాటింది. అందులో ఇండియానాకి ఎంతో పర్డ్యూకీ అంతే. 2025 జులై నుంచి యూనివర్సిటీలు ఆటగాళ్లకే నేరుగా డబ్బివ్వొచ్చని కోర్టు ఒప్పుకున్న రాజీ అమల్లోకి వచ్చింది. మొదటి ఏడాదికి ఒక్కో యూనివర్సిటీకి పరిమితి 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఆ పరిమితి కూడా అందరికీ ఒకటే. అయితే అది అన్ని ఆటలకూ కలిపి. పెద్ద ఫుట్‌బాల్ యూనివర్సిటీలు ముప్పావు వంతు దాకా ఫుట్‌బాల్‌కే పోస్తాయి. పర్డ్యూకి ఇక్కడో చిక్కుంది. మీది బాస్కెట్‌బాల్ ఊరు. 2024లో ఫైనల్ దాకా వెళ్లిన జట్టుని పస్తు పెట్టి ఫుట్‌బాల్‌కి వడ్డించమంటే ఎవరు ఒప్పుకుంటారు?

అసలు తేడా సిగ్నెటి బస్సులో వచ్చింది. జేమ్స్ మాడిసన్ నుంచి తనతోపాటు 13 మంది ఆటగాళ్లను తెచ్చుకున్నాడు. ఏళ్ల తరబడి వెంట నడిచిన సహాయ కోచ్‌లను తెచ్చుకున్నాడు. ఆ ఆటగాళ్లలో చాలామంది హైస్కూల్లో పెద్ద యూనివర్సిటీలు కన్నెత్తి చూడనివాళ్లే. వాళ్లలో డీఏంజెలో పాండ్స్ అని ఐదడుగుల తొమ్మిదంగుళాల కుర్రాడున్నాడు. ఈ జనవరి 9న సెమీఫైనల్లో ఓరెగన్ ఆడిన మొట్టమొదటి బంతినే అడ్డంగా అందుకుని గీత దాటేశాడు. ఆట మొదలై ఇంకా జనం కూర్చోలేదు. ఆ రోజు ఫలితం 56-22.

ఒకప్పుడు కోచ్ పని నారు పోసి పెంచడం. పద్దెనిమిదేళ్ల పిల్లల్ని తెచ్చి, మూడేళ్లు తిండి పెట్టి, బరువులెత్తించి, నాలుగో ఏడు పంట చూసుకోవడం. ఒక యూనివర్సిటీ నుంచి ఇంకోదానికి మారితే ఏడాది పక్కన కూర్చోవాల్సి వచ్చేది. 2021లో ఆ నిబంధన సడలింది, 2024 ఏప్రిల్ నుంచి ఎన్నిసార్లు మారినా అడ్డులేదు. ఇప్పుడది కడియం నర్సరీకి వెళ్లి కాపుకొచ్చిన మొక్కని తెచ్చుకున్నట్టే. డబ్బున్న ప్రతివాడూ నర్సరీకి వెళ్తాడు. ఏ మొక్కకి వేరు కుళ్లిందో, ఏది ఈ నేలలో పట్టుకుంటుందో గుర్తుపట్టే కన్నుండాలి, అంతే. సిగ్నెటి ఆ కన్ను అలబామాలో పేరుమోసిన కోచ్ నిక్ సేబన్ దగ్గర ఆటగాళ్ల ఎంపిక చూస్తూ సంపాదించాడు. అక్కడి పెద్ద కొలువు వదిలేసి 2011లో పెన్సిల్వేనియాలో ఒక చిన్న కాలేజీకి హెడ్ కోచ్‌గా వెళ్లాడు. ఆయన తండ్రి కూడా కోచ్‌గా చేసిన కాలేజీ అది. చిత్రమేమిటంటే ఆ ఊరి పేరూ ఇండియానాయే.

క్యాలిఫోర్నియా యూనివర్సిటీ నుంచి తెచ్చుకున్న ఫెర్నాండో మెండోజా 2025లో, దేశంలోకెల్లా మేటి కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచాడు. ఇండియానాకి అదే మొదటిది. 2024కి ముందు ఒక్క సీజన్లో కూడా పది ఆటలు గెలవని జట్టు అండీ అది! 16 ఆడి 16 గెలిచింది. బిగ్ టెన్ ఫైనల్లో ఒహాయో స్టేట్‌ని 13-10తో, రోజ్ బౌల్లో అలబామాని 38-3తో, జనవరి 19న నేషనల్ ఫైనల్లో మయామీని దాని ఊళ్లోనే 27-21తో. మీకు కడుపుమంటగా ఉంటుందని తెలుసు, అయినా ఒప్పుకోక తప్పదు.

పొరుగింటి పుల్లకూర రుచి అన్నారు కదా అని పర్డ్యూ కూడా వెంటనే ఒక సిగ్నెటిని వెతుక్కోవాలనుకుంటే అక్కడే బోల్తా పడుతుంది. వాల్టర్స్‌ని తెచ్చినప్పుడు జరిగింది దాదాపు అదే. ఇల్లినాయ్‌లో డిఫెన్స్ అదరగొట్టిన 36 ఏళ్ల కుర్రాడు, ఒక్కరోజు కూడా హెడ్ కోచ్‌గా చేయలేదు. ఆశ మీద కొన్నారు. రెండేళ్లలో ఐదు గెలుపులు, పందొమ్మిది ఓటములు.

ఇప్పటి మీ కోచ్ బ్యారీ ఓడమ్ సంగతి వేరు. ఆయనకి దెబ్బలు తిన్న అనుభవముంది. మిజోరీలో నాలుగేళ్లు చేస్తే గెలుపులు 25, ఓటములు 25, ఉద్యోగం పోయింది. తర్వాత లాస్ వేగాస్‌లో యూఎన్‌ఎల్‌వీ అనే యూనివర్సిటీ జట్టుని చేతిలోకి తీసుకున్నాడు. 2013 నుంచి ఒక్క మంచి సీజన్ ఎరగని జట్టది. రెండేళ్లలో 19 గెలిపించాడు, రెండేళ్లూ తమ కాన్ఫరెన్స్ ఫైనల్‌కి తీసుకెళ్లాడు. 2024 సెప్టెంబరులో మూడు ఆటలాడి మూడూ గెలిచాక ఆయన క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపే కుర్రాడు, ఉన్నట్టుండి వెళ్లిపోయాడు. తనకిస్తామన్న డబ్బు ఇవ్వలేదన్నాడతను, అటువైపువాళ్లు అలాంటి ఒప్పందమే లేదన్నారు. జట్టు అక్కడితో కుప్పకూలాల్సింది. రెండో కుర్రాడిని పెట్టి నెట్టుకొచ్చాడు. డబ్బు గొడవ మధ్యలో గుడారం కూలకుండా పట్టుకోవడం ఈ రోజుల్లో చిన్న విద్య కాదు.

పర్డ్యూలో మొదటి ఏడు రెండు గెలుపులు, పది ఓటములు. బిగ్ టెన్‌లో సున్నా. అంతకుముందు ఏడూ సున్నాయే. నిజమే, చూడలేకపోయాం. కానీ అక్కడ ఆయన చేతికొచ్చింది ఒకటి గెలిచి పదకొండు ఓడిన జట్టు. కోచ్ మారగానే పాత ఆటగాళ్లకి బదిలీ తలుపు తెరుచుకుంటుంది. వెళ్లగలిగినవాళ్లు వెళ్లిపోతారు, ఎక్కువమంది కొత్తవాళ్లతో ఆడాలి. ఇప్పుడు మళ్లీ కోచ్‌ని మారిస్తే మళ్లీ ఆ తలుపు తెరుస్తారు, మళ్లీ బైఅవుట్, మళ్లీ ఏడుపు మొదటినుంచి. నన్నడిగితే 2027 సీజన్ అయ్యేదాకా ఆయన జోలికి వెళ్లొద్దు. ఈ సెప్టెంబరు తర్వాత స్కోరు కంటే ఒక సంగతి గమనించండి. పోయిన ఏడాది ఆడిన కుర్రాళ్లలో ఎంతమంది మిగిలారు, నాలుగో క్వార్టర్లో ఎవరు ఇంకా పరిగెడుతున్నారు. ఈ రెండూ బాగుంటే బిగ్ టెన్‌లో రెండో మూడో గెలుపులు వాటంతటవే వస్తాయి. చాంపియన్‌షిప్ మాటంటారా, అది నాకు కనుచూపు మేరలో లేదు. 2018లో ఒహాయో స్టేట్‌ని 49-20తో చిత్తు చేసిన రాత్రి లాంటివి మాత్రం మళ్లీ వస్తాయి. మీ జట్టుకి పెద్దవాళ్ల పెళ్లిలో పప్పు పారబోయడం పాత అలవాటే.

ఇక మీ జేబు. ముందు ఆదాయ పన్ను సంగతి, ఫోన్ చేసే కుర్రాడు ఇది చెప్పకపోవచ్చు. సీజన్ టికెట్ కొనే హక్కు కోసం ఇచ్చే విరాళంలో ఒకప్పుడు 80 శాతం పన్ను లెక్కలో తగ్గించుకోవచ్చు. 2018 నుంచి ఒక్క డాలరు కూడా కుదరదు. కాబట్టి దాన్ని దానం అనుకోకండి, టికెట్ ధర అనుకోండి. ఆ మొత్తం ధరకి ఆ సీట్లు మీకు గిట్టుబాటేనా? ఏడాదికి ఏడు ఆటలున్నా మీరు వెళ్లేది మూడైతే, ఆ మూడు ఆటల టికెట్లు విడిగా కొనుక్కోండి. రెండు గెలుపుల జట్టుకి టికెట్లు దొరకని రోజు రాలేదు, వస్తే మీకు సంతోషమేగా.

ఆటగాళ్ల నిధి అన్నారు. అది యూనివర్సిటీ సొంత ఖాతానా, బయట అభిమానులు పెట్టిన సంస్థా అని రాతపూర్వకంగా అడగండి. అలాంటి బయటి సంస్థల్లో చాలావాటికి ధర్మసంస్థ హోదా తగదని 2023లోనే ఐఆర్ఎస్, అంటే అమెరికా ఆదాయ పన్ను శాఖ, తన అభిప్రాయం చెప్పింది. చెక్కు మీద ఎవరి పేరు రాస్తున్నారో చూసుకోకుండా ఇచ్చి, ఏప్రిల్లో సీపీఏ ముందు తల గోక్కోవద్దు. బైఅవుట్ కోసం ఎవరైనా అడిగితే మాత్రం నా సలహా ఒక్కటే, ఫోన్ పెట్టేయండి. ఆ సంతకం పెట్టింది మీరు కాదు.

మీరిప్పటికే ఒక చేత్తో బ్లూమింగ్టన్‌కి ఫీజు కడుతున్నారు. రెండో చేత్తో వెస్ట్ లఫాయెట్‌కి ఎంత ఇవ్వొచ్చో మీ ఆవిడతో కూర్చుని ఒక అంకె వేసుకోండి. ఏడాదికి ఒక్కటే అంకె, టికెట్లు, పార్కింగు, స్టేడియంలో తినే తిండి అన్నీ అందులోనే. అది దాటితే ఆ ఏడాదికి టీవీయే. పర్డ్యూ మీకు చేసిన మేలు ఏదో ఒక రూపంలో తీర్చుకోవాలన్న తపన మీ ఉత్తరంలో కనిపిస్తోంది. అది ఫుట్‌బాల్ వల్ల వచ్చింది కాదు, మీరు చదివిన డిపార్ట్‌మెంట్ వల్ల వచ్చింది. అక్కడి స్కాలర్‌షిప్ నిధికి వందో రెండొందలో పంపండి. దానికి పన్ను మినహాయింపు నిబంధనలు మామూలుగానే వర్తిస్తాయి, మీ కంపెనీ విరాళాలకి జోడీగా డబ్బిచ్చేదైతే అదీ అడగొచ్చు. మీ ఆవిడ కూడా దీనికి కాదనకపోవచ్చు.

మీ అబ్బాయి సంగతి ఆఖరికి ఉంచాను. ఇన్నేళ్లుగా ఆ పిల్లలు బ్లూమింగ్టన్‌లో ఫుట్‌బాల్ ఆటకి వెళ్లి సగంలో లేచొచ్చేవాళ్లు. ఇప్పుడు వాడి వంతు వచ్చింది, ఎగరనివ్వండి. వాడు సిగ్నెటిని చూపించి మురిసిపోతున్నప్పుడు ఆయన ఒప్పందం కూడా అడగండి. 2025 అక్టోబరులో కుదిరినది ఏడాదికి సగటున కోటీ 16 లక్షల డాలర్లు, ఎనిమిదేళ్లకి. చాంపియన్ అయిన ఏడాదిలో రాసుకున్న కాగితం అది. టెక్సస్‌లో కూడా గెలుస్తున్నప్పుడే రాసుకున్నారు కదా, దాని మీద మీ ఇద్దరూ ఒక రాత్రంతా వాదించుకోవచ్చు.

ఈ ఏడు బొక్కెన ఆటకి ఇద్దరూ కలిసి వెళ్లండి. పోయినసారి థాంక్స్‌గివింగ్ మర్నాడు శుక్రవారం రాత్రి ఆడారు, చలికి మీ స్టేడియంలో చేతులు కొంకర్లు పోయి ఉంటాయి, పైగా స్కోరు 56-3. ఈసారి మంచి గ్లవ్స్ తీసుకెళ్లండి, టికెట్లు మాత్రం వాణ్ణి కొనమనండి. గొలుసుకి ‘పి’ తగిలిస్తే మీరు నాకో ఉత్తరం రాయండి. ‘ఐ’ తగిలిస్తే వాణ్ణి రాయమనండి.